సోషల్ మేడం చేతిలో స్టాప్‌వాచ్

ప్రశ్న: హైదరాబాద్‌లో పాతబస్తీకి దగ్గరగా ఉన్న ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం స్కూల్ అసిస్టెంట్‌ని. చరిత్ర పాఠం అంటే నాకు ప్రాణం. డిగ్రీలో ఉన్నప్పుడు యూనివర్సిటీ తరఫున 800 మీటర్లు పరుగెత్తేదాన్ని. మా బడిలో పీఈటీ (వ్యాయామ ఉపాధ్యాయుడి) పోస్టు ఖాళీగా ఉంది. అథ్లెటిక్స్ మొదలుపెడతానంటే హెడ్‌మాస్టర్ గారు "మీరే చూసుకోండి మేడం" అన్నారు. గ్రౌండ్ 60 మీటర్ల పొడవు, 45 మీటర్ల వెడల్పు ఉంటుంది. బస్తీ ఫంక్షన్లకు షామియానాలు కూడా అక్కడే వేస్తారు. ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి? తోటి టీచర్లేమో టెన్త్ రిజల్ట్స్ సంగతి చూడమంటున్నారు. ఆడపిల్లల్ని పంపడానికి ఇళ్లలో వెనకాడుతున్నారు. ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి 100 మీటర్లు 13 సెకన్లలో పరుగెత్తింది. తనను హకీంపేట స్పోర్ట్స్ స్కూల్లో చేర్పించమంటారా?

జవాబు:

మేడం గారూ, ఆ అమ్మాయి సంగతి ఆఖర్న చెప్తాం. ముందు గ్రౌండ్.

మీకున్న స్థలంలో 200 మీటర్ల ట్రాక్ పట్టదు. నాలుగు లేన్లతో అది గీయాలంటే దాదాపు 91 మీటర్ల పొడవు, 41 మీటర్ల వెడల్పు కావాలి. చాలా బడుల్లో జరిగే పొరపాటేమిటంటే, ఉన్న జాగాలో కంటిచూపుతో ఒక కోడిగుడ్డు ఆకారం గీసి దానికి "200 మీటర్లు" అని పేరు పెట్టేస్తారు. కొలిస్తే 160 ఉంటుంది. పిల్లల టైములు అద్భుతంగా వస్తాయి. జిల్లా పోటీలకు వెళ్లిన రోజున అసలు సంగతి బయటపడుతుంది.

మీరు 133.33 మీటర్ల చుట్టు గీయండి. మూడు చుట్లు 400 మీటర్లు, ఆరు చుట్లు 800. గ్రౌండ్ పొడవు వెంట ఒక మధ్యగీత తీసుకుని, దాని మీద 20 మీటర్ల దూరంలో రెండు ఇనుప మేకులు దిగ్గొట్టండి. ఒక్కో మేకు నుంచి 14.65 మీటర్ల తీగతో బయటివైపు అర్ధవృత్తం గీయండి. రెండు అర్ధవృత్తాల చివర్లను 20 మీటర్ల తిన్నని గీతలతో కలపండి. అర్ధవృత్తం ఎక్కడ మొదలవ్వాలో తెలియాలంటే మేకు దగ్గర లంబం కావాలి. దానికి 3, 4, 5 మీటర్ల త్రిభుజం చాలు. ఈ పనికి నైలాన్ తాడు వాడకండి, లాగితే సాగుతుంది. బైండింగ్ వైరు గానీ స్టీలు టేపు గానీ తీసుకోండి. గీత 14.65 దగ్గర ఉన్నా లెక్కకు తీసుకునే వ్యాసార్ధం 14.85. గట్టు లేని ట్రాక్‌లో దూరాన్ని గీతకు 20 సెంటీమీటర్లు బయటగా కొలుస్తారు గనక. సరిచూడాలంటే ఆ 20 సెంటీమీటర్ల అవతల వంపు వెంట టేపు పరవండి, ఒక్కో వంపు 46.65 మీటర్లు రావాలి. 1.22 మీటర్ల వెడల్పుతో రెండు లేన్లు వేసినా మొత్తం 54 మీటర్ల పొడవు, 34 మీటర్ల వెడల్పులో ఇమిడిపోతుంది.

ఈ చుట్టును గ్రౌండ్‌కి సరిగ్గా మధ్యలో వేయకండి. ఒక పక్క గోడకు మీటరున్నర వదిలి అటే జరపండి. రెండోవైపు తొమ్మిది మీటర్ల పట్టీ మిగులుతుంది, లాంగ్‌జంప్ అక్కడ పెట్టుకోవచ్చు. 25 మీటర్ల రన్‌వే, గోతికి ఒక మీటరు ముందు టేకాఫ్, 6 మీటర్ల పొడవు, 2.75 మీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల లోతున గొయ్యి. ఇసుక 230 ఘనపుటడుగుల పైచిలుకు పడుతుంది, అంటే రెండు ట్రాక్టర్లు దాటి కొంచెం. చౌకగా వస్తుందని ఎవరైనా రోబో ఇసుక తెచ్చి పోస్తామంటే వద్దనండి. అది రాయిని పగలగొట్టి చేసిన పొడి, అంచులు మొనదేలి ఉంటాయి. వాన పడితే గట్టిపడి పిల్లల మడమలు దెబ్బతింటాయి. వాగు ఇసుకే కావాలి. దూకే ముందు నీళ్లు చల్లి, పారతో తిరగేసి, దంతెతో చదును చేయాలి. గోతి అంచుల్లో ఇటుకలు పైకి కనిపించకూడదు. పని అయ్యాక టార్పాలిన్ కప్పండి, లేకపోతే వారంలో అది బస్తీ కుక్కల సొంతమైపోతుంది.

గీతలకు ముగ్గుపిండి చాలు. పొడి సున్నం చల్లితే అది కళ్లలో పడి, చెమటతో కలిసి మంట పుట్టిస్తుంది.

షామియానాల సంగతి తేలిగ్గా తీసుకోకండి. ఫంక్షన్ అయిన మర్నాడు గ్రౌండ్‌లో మిగిలేవి విరిగిన మేకులు, సీసా పెంకులు, డెకరేషన్ తీగ ముక్కలు, మూత వేయని గుంజ గుంతలు. మీ పిల్లల్లో సగం మంది ఉత్తి కాళ్లతోనే పరుగెత్తుతారు. మట్టి మీద అది తప్పేమీ కాదు, అరిగిపోయిన బాటా చెప్పుల కన్నా మంచిదే. కాబట్టి సోమవారం మొదటి పది నిమిషాలు పరుగు వద్దు. పిల్లల్ని చేయి దూరంలో వరసగా నిలబెట్టి, ఒక చివరి నుంచి ఇంకో చివరికి నేల చూస్తూ నడిపించండి. పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతానికి తాడు కట్టి లాగిస్తే చిన్న మేకులు కూడా దొరుకుతాయి. గుంతలు పూడ్చే బాధ్యత షామియానా వేసేవాళ్లదేనని పర్మిషన్ కాగితం మీదే రాయించండి.

ఇక శిక్షణ. మొదటి వారం అరవై మంది వస్తారు, మూడో వారానికి పాతికమంది మిగులుతారు, కంగారు పడొద్దు. సెలక్షన్ మాత్రం పెట్టకండి. ఎనిమిదేసి మందిని ఒక గుంపుగా చేయండి. ఒక గుంపు పరుగెడుతుంటే ఇంకోటి దూకాలి, మరొకటి కిలో మెడిసిన్ బాల్ (వ్యాయామానికి వాడే బరువైన బంతి) విసరాలి. గంటలో నలభై నిమిషాలు క్యూలో నిలబెట్టే శిక్షణ కన్నా కబడ్డీ ఆడించడం మేలు.

వారానికి మూడు రోజులు, యాభై నిమిషాలు చాలు. పది నిమిషాలు నెమ్మది పరుగు, కీళ్ల కదలికలు, ఇంకో పది నిమిషాలు మోకాళ్లు పైకెత్తే నడక, స్కిప్పింగ్ అడుగులు. ఆ తర్వాత రోజుకో పని. వేగం రోజున 30 మీటర్లు ఐదుసార్లు, ఒక్కో పరుగుకూ మధ్య మూడు నిమిషాల విరామం. పది మీటర్లకు ఒక నిమిషం అని లెక్క. ఇక్కడే చాలామంది తొందరపడతారు. పిల్లలు ఖాళీగా నిలబడ్డారని విరామం తగ్గిస్తే నాలుగో పరుగుకే కాళ్లు బరువెక్కుతాయి, వేగం అలవాటు కాదు, అలసట అలవాటవుతుంది. దమ్ము రోజున మూడు నిమిషాల పరుగు, నిమిషం నడక, ఇలా నాలుగుసార్లు. పరుగెత్తుతూ పక్కవాళ్లతో ఒక వాక్యం మాట్లాడగలగాలి, అంతకు మించిన వేగం అక్కర్లేదు. మీరు 800 మీటర్ల రన్నర్ కదా, ఇదొక్కటి గుర్తుంచుకోండి. కాలేజీలో మీ కోచ్ చేయించిన వర్కవుట్లు పన్నెండేళ్ల పిల్లలకు పనికిరావు. మూడో రోజు గెంతులు, విసురుళ్లు, రిలే ఆటలు.

ఎదిగే వయసులో అమ్మాయిలకు పన్నెండేళ్ల ప్రాంతంలో, అబ్బాయిలకు పద్నాలుగు ప్రాంతంలో ఒక్కసారిగా పొడవు వస్తుంది. అప్పుడు నిన్నటిదాకా చక్కగా దూకినవాళ్లు తడబడతారు, మోకాలి చిప్ప కింద బొడిపెలా వాచి నొప్పి అంటారు, మడమ నొప్పి అంటారు. బద్ధకం అనుకోకండి. రెండు మూడు వారాలు గెంతులు ఆపి, నొప్పి లేని పనులే చేయించండి. తగ్గకపోతే ఎముకల డాక్టర్‌కి చూపించాలి. ఆయాసం ఎక్కువగా ఉండి, కనురెప్ప లోపలి భాగం పాలిపోయిన పిల్లలకు బస్తీ దవాఖానాలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. పన్నెండేళ్లు దాటిన ఆడపిల్లలకు 12 గ్రాముల కన్నా తక్కువుంటే అది రక్తహీనతే. దానికి పరుగు మందు కాదు. పొద్దున ఖాళీ కడుపుతో వచ్చేవాళ్లే ఎక్కువుంటారు. పరుగుకు అరగంట ముందు ఒక అరటిపండో పల్లీపట్టీయో అందితే కళ్లు తిరగడాలు సగం తగ్గుతాయి. రంజాన్ నెలలో ఉపవాసం ఉన్న పిల్లలతో గట్టి పరుగులు పెట్టకండి, వాళ్లకు స్టాప్‌వాచ్, టేపు పనులు అప్పజెప్పండి. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు కదా, అప్పుడు పొద్దున ఏడు దాటాక గ్రౌండ్‌లో ఎవరూ ఉండకూడదు. ఎండలో ఎవరైనా తికమకగా మాట్లాడినా, తూలినా ముందు నీడకు చేర్చి ఒళ్లంతా నీళ్లు పోసి విసరండి, 108కి ఫోన్ చేయించండి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి.

చరిత్ర టీచర్‌గా మీ దగ్గరున్న అసలు సరుకు ఇప్పుడు చెప్తాం: రిజిస్టర్. పీఈటీ ఉన్న బడుల్లో కూడా దొరకనిది ఇదే. కప్పులు షోకేసులో ఉంటాయి గానీ ఎవరు, ఎప్పుడు, ఎంతలో పరుగెత్తారన్నది ఎక్కడా ఉండదు. పొడవాటి లాంగ్‌బుక్ ఒకటి తీసుకుని, ఒక్కో పిల్లకు ఒక్కో పేజీ ఇవ్వండి. పుట్టిన తేదీ, ఎత్తు, బరువు, 30 మీటర్ల ఫ్లయింగ్ స్టార్ట్ (ముందే ఊపందుకుని కొలత గీత దాటే పరుగు), నిలబడి దూకే బ్రాడ్‌జంప్, 800 మీటర్లు. జూలై, నవంబర్, ఫిబ్రవరి, ఏడాదికి మూడుసార్లు. ఫ్లయింగ్ స్టార్ట్‌కి గ్రౌండ్ మూల నుంచి మూలకు వెళ్లండి. ఐమూలగా 75 మీటర్లు వస్తుంది. రెండు మూలల దగ్గరా ఐదేసి మీటర్లు వదిలేస్తే 15 మీటర్ల ఊపు, 30 మీటర్ల కొలత, ఆగడానికి 20 మీటర్లు సరిపోతాయి. గోడ దగ్గర ఫినిష్ గీత పెడితే పిల్లలు పది మీటర్ల ముందే బ్రేకు వేస్తారు, టైము అబద్ధమవుతుంది.

చేతి వాచీతో టైము తీయడానికి కూడా పద్ధతుంది. నిలబడి మొదలుపెట్టే పరుగులో స్టార్టర్ రెండు చెక్కలు పైకెత్తి చరచాలి. ఫినిష్ దగ్గరున్నవాళ్లు చప్పుడు విని కాకుండా చెక్కలు కలవడం చూసి వాచీ నొక్కాలి. 100 మీటర్లు దాటడానికి శబ్దానికి దాదాపు 0.3 సెకను పడుతుంది, అంత సమయం పిల్లకు ఉత్తపుణ్యానికి కలిసొస్తుంది. ఆపేటప్పుడు ఛాతీ గీత దాటాలి, తలా చేయీ లెక్కలోకి రావు. 8.31 వస్తే 8.4 అని రాయాలి, ఎప్పుడూ పైకే. పక్కన ఎవరు టైము తీశారో, నేల తడిగా ఉందో పొడిగా ఉందో రాయండి. సాక్ష్యం లేని రికార్డును బోర్డు మీదికి ఎక్కించకండి. శాసనం దొరక్కుండా రాజుగారి ఏలుబడి రాయం కదా.

ఈ పేజీలు రెండేళ్లు నిండితే మీకు కనిపించేది ఇదీ: ఏడో తరగతిలో అన్ని పందేలూ గెలిచిన పిల్లవాడు చాలాసార్లు తోటివాళ్ల కన్నా ముందే ఎదిగినవాడో, నెలల తేడాతో పెద్దవాడో అయి ఉంటాడు. తొమ్మిదికి వచ్చేసరికి మిగతావాళ్లు అందుకుంటారు, వాడు మానేస్తాడు. వెనక పడ్డవాడిలో మాత్రం ఏటా నిలకడగా మెరుగు కనిపిస్తుంది. ఎవరి విషయంలో ఎంత ఓపికపట్టాలో ఆ పేజీ చెప్తుంది, మీ కంటికి తెలియదు.

ఆడపిల్లల విషయంలో తల్లుల భయం పరుగు గురించి కాదు. ఎవరు చూస్తారు, ఏం వేసుకుంటారు, ఇంటికెలా వస్తారు, ఇవే. ట్రాక్‌ప్యాంటు, పొడవు టీషర్టు చాలని, పరుగుకు నిక్కరు తప్పనిసరి కాదని ముందే చెప్పండి. టాయిలెట్ తాళంచెవి ప్రాక్టీసు టైములో మీ దగ్గరే ఉండాలి, అందులో నీళ్లు, ప్యాడ్లు ఉండాలి. మొదటి నెల ఇద్దరు తల్లుల్ని గ్రౌండ్ పక్కన కుర్చీ వేసి కూర్చోమనండి, వాళ్లే మిగతా ఇళ్లకు వెళ్లి చెప్తారు. ఎప్పుడూ పెద్దవాళ్లు ఇద్దరుండాలి. సీనియర్ అబ్బాయిలు సాయానికొస్తే మంచిదే గానీ, ఆడపిల్లల భంగిమ సరిదిద్దడానికైనా, కాలు పట్టేస్తే మర్దనకైనా చేయి వేయకూడదు, చేసి చూపించాలంతే. వాట్సాప్ గ్రూపు తల్లిదండ్రులతోనే, పిల్లలతో విడిగా మెసేజ్‌లు వద్దు.

తోటి టీచర్ల మాట కొట్టిపారేయకండి. మీ సబ్జెక్టులో ఒక్క పిల్ల ఫెయిలైనా "ఆటల పిచ్చి" అన్న మాట మీకు అంటుకుంటుంది. టెన్త్ స్పెషల్ క్లాసులు మొదలయ్యాక వాళ్లను వారానికి ఒక రోజే రమ్మనండి. మీ సిలబస్ ఎక్కడున్నదో అడిగితే చూపించేలా లెసన్ ప్లాన్ రాసి ఉంచండి. "మీరే చూసుకోండి" అన్నది మాట మాత్రమే. రోజులు, వేళలు, బాధ్యులు, గాయమైతే ఎవరికి చెప్పాలి అన్నవి ఒక పేజీలో రాసి హెడ్‌మాస్టర్ గారి సంతకం, బడి బాగోగులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ తీర్మానం తీసుకోండి. డబ్బు మీ ఫోన్‌పేకు రానీయకండి, నూరు రూపాయలైనా సరే. దాత ఇస్తే బడి ఖాతాకు, రసీదుతో. సమగ్ర శిక్షా కింద ఉన్నత పాఠశాలకు ఏటా 25,000 రూపాయల వరకు క్రీడా సామగ్రి గ్రాంటు ఉంది, మీ బడికి వచ్చిందా, వస్తే ఏం కొన్నారు అని స్టాక్ రిజిస్టర్‌లో చూడండి. బీరువాలో ఎవరూ తెరవని క్యారమ్ బోర్డులు దొరికే అవకాశమే ఎక్కువ.

బస్తీని కలుపుకోవడానికి ప్రత్యేకంగా ఏదో కార్యక్రమం పెట్టనక్కర్లేదు, మీ చరిత్ర పీరియడే ఆ పని చేస్తుంది. హైదరాబాద్‌లో ఆటకూ బడికీ పాత చుట్టరికం ఉంది. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత ఫుట్‌బాల్‌కు స్వర్ణం తెచ్చి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో జట్టును నాలుగో స్థానం దాకా నడిపిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఈ నగరంలో బడిపంతులే. కాచిగూడ మిడిల్ స్కూల్లో పాఠాలు చెప్పినాయన. ఆ కాలంలో మైదానంలోకి దిగినవాళ్ల పిల్లలు, మనవలు ఇప్పటికీ ఈ బస్తీల్లో ఉంటారు. తొమ్మిదో తరగతి పిల్లలను జతలుగా పంపి పెద్దవాళ్లను అడిగించండి: ఏ గ్రౌండ్‌లో ఆడేవారు, ఇప్పుడక్కడ ఏముంది, బూట్లు ఎక్కడ కొన్నారు. "మా తాత ఒలింపిక్స్ ఆడిండు" అని కనీసం ఇద్దరైనా చెప్తారు. ఫోటో ఉందా, పేపర్ కటింగ్ ఉందా, ఏ ఏడాది అని పిల్లలతోనే అడిగించండి. ఆధారం దొరక్కపోతే "చెప్పుకుంటారు" అని రాయాలని నేర్పండి. అలా మాట్లాడించిన తాతలే తర్వాత పోటీల రోజున లేన్ జడ్జీలుగా వచ్చి కూర్చుంటారు.

సెప్టెంబర్ 28న ఒక నడక పాఠం పెట్టుకోవచ్చు. 1908లో అదే రోజు మూసీ పొంగి నగరాన్ని ముంచేసింది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఎందరినో కాపాడిన చింతచెట్టు ఉంది. అక్కణ్నుంచి నయాపూల్ మీదుగా చార్మినార్ దాకా నడిపించండి. బయల్దేరే ముందు గ్రౌండ్‌లో 100 మీటర్లకు తన అడుగులెన్నో ప్రతి పిల్లా లెక్కపెట్టుకోవాలి, దారిలో అడుగులు లెక్కించి దూరం కట్టాలి, బడికి వచ్చాక ఫోన్ మ్యాప్‌తో పోల్చాలి. తేడా ఎందుకొచ్చిందో మాట్లాడటంలోనే ఒక పీరియడ్ గడిచిపోతుంది. మారథాన్‌కు 42.195 కిలోమీటర్ల దూరాన్ని మొదటిసారి పరుగెత్తింది కూడా అదే 1908లో, లండన్‌లో.

ఇప్పుడు మీ ఎనిమిదో తరగతి అమ్మాయి. మేడం, 60 మీటర్ల గ్రౌండ్‌లో నేరుగా 100 మీటర్లు ఎక్కడ దొరికింది? గల్లీలో అయితే వాలు ఎంతో చూడాలి. పోటీల్లో ట్రాక్ పరుగు దిశలో వెయ్యి మీటర్లకు ఒక మీటరు కన్నా ఎక్కువ దిగకూడదు, మన గల్లీలు అంతకన్నా ఎక్కువే దిగుతాయి. పిల్లలు అడుగులతో కొలిచి, ఫోన్‌లో టైము తీసి ఉంటే 13 సెకన్ల మాట పక్కన పెట్టేయండి. ఆ పిల్ల వేగం తక్కువని అనడం లేదు, ఎంతో ఇంకా తెలియదు. అమ్మను కూడా వెంటబెట్టుకుని, అనుమతి తీసుకుని గచ్చిబౌలి స్టేడియానికో ఉస్మానియా యూనివర్సిటీ ట్రాక్‌కో ఒక ఉదయం తీసుకెళ్లండి. ముగ్గురు మూడు వాచీలతో టైము తీసి, మధ్యలో వచ్చిన అంకె రాయండి. రెండు వారాల తర్వాత మళ్లీ.

హకీంపేటలో రెగ్యులర్ ప్రవేశాలు నాలుగో తరగతిలో జరుగుతాయి. ఎత్తు, బరువుతో పాటు 30 మీటర్ల ఫ్లయింగ్ స్టార్ట్, బ్రాడ్‌జంప్, వర్టికల్ జంప్, షటిల్ రన్, మెడిసిన్ బాల్, ఒళ్లు వంచే పరీక్ష, 800 మీటర్లు పెడతారు. అంటే ఈ అమ్మాయికి ఆ దారి దాటిపోయింది. పక్కనున్న ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి పిల్లలకు మాత్రం ఇప్పుడే ఆ పరీక్షలు అలవాటు చేయొచ్చు, ఆ బడి టీచర్‌తో మాట్లాడండి. ఈ అమ్మాయికి స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలున్నాయి: ముందు మండలం, తర్వాత జిల్లా, రాష్ట్రం. అండర్-14, అండర్-17 విభాగాల్లో ఏది వర్తిస్తుందో ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోండి. పుట్టిన తేదీ సర్టిఫికెట్, ఆధార్, బడి అడ్మిషన్ రిజిస్టర్ మూడింట్లో తేదీ ఒకటేనా అన్నది ఈ వారమే సరిచూడండి. పోటీ ముందురోజు తేడా బయటపడి ఇంటికి తిరిగొచ్చే పిల్లలు ఏటా ఉంటారు. సాంఘిక సంక్షేమ గురుకులాల స్పోర్ట్స్ అకాడమీల సెలక్షన్లు కూడా కనిపెట్టుకుని ఉండండి. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్ (ఏడు అంశాలు కలిసిన పోటీ) కాంస్యం తెచ్చిన అగసర నందిని చదివింది గురుకులంలోనే. హాస్టల్‌కు పంపేది లేనిదీ ఆ తల్లి నిర్ణయం, సీటు వచ్చాక కాకుండా ఫారం నింపే ముందే అడగండి. అప్పటిదాకా ఆ అమ్మాయిని 100 మీటర్లకే కట్టేయకండి, దూకనివ్వండి, విసరనివ్వండి, రిలేలో నాలుగు స్థానాల్లోనూ పరుగెత్తనివ్వండి.